తీగ తెగినంత మాత్రాన కట్టు తెగునా?



పోయిన వేసవిలో మా యౌవనుల కూటమునందు ఒక చిన్నవాడు లేచి, "అయ్యగారూ, మా యింట కేబుల్ తీసివేయించితిమి. ఇక నెలనెలా ఎవనికిని బాకీ లేము. కావలసినది కావలసినప్పుడు ఫోనులో చూచుకొందుము" అని చెప్పెను. తక్కినవారు చప్పట్లు కొట్టిరి. పట్నపు పత్రికలును ఇదే పాట పాడుచున్నవి. కేబుల్ కాలము తీరిపోయెనట, జనులు విడుదల పొందిరట! నేను చప్పట్లు కొట్టలేదు. ఏల కొట్టలేదో వ్రాయుచున్నాను. కోపపడువారు కోపపడుదురు గాక.

మొదట కేబుల్‌వానిని గూర్చి న్యాయముగా మాటలాడుదము. అతడు పరిశుద్ధుడని నేననుట లేదు. 1990 తరువాతి యేండ్లలో మేడమీద పెద్ద గిన్నె నిలిపి, కరెంటు స్తంభములమీదుగా, వేపకొమ్మల మీదుగా తీగలు లాగి ఊరంతటికి బొమ్మ నిచ్చెను. 1995లో వచ్చిన చట్టము చొప్పున తపాలా కార్యాలయములో నమోదు చేయించుకొనవలసి యుండెను గాని, వీధిలో అతడే రాజు. గాలివాన వచ్చిన రెండు దినములు బొమ్మ రాదు. ఉన్నట్టుండి ఇరువది రూపాయలు పెంచును, అడుగువాడు లేడు. 2019 ఫిబ్రవరి 1 నుండి 100 ఛానళ్లకు పన్నుగాక 130 రూపాయలే కట్టవలెననియు, మిగతావి ఎవరికి కావలసినవి వారే ఏరుకొనవచ్చుననియు ట్రాయ్ వారి ఆజ్ఞ అమలునకు వచ్చెను. మా ఊరిలో ఎవరును ఏరుకొనలేదు. అతడు చెప్పిన జాబితాకే తల ఊపితిమి.

అయినను అతనియందు ఒక సంగతి యుండెను. అతడు గుమ్మము నొద్దకు వచ్చువాడు. ఎవరి మిర్చి అమ్ముడైనదో, ఎవరి పత్తి వానకు తడిసినదో ఎరిగినవాడు. "కోతలైన తరువాత ఇత్తుము నాయనా" అనిన, పుస్తకములో గుర్తు పెట్టుకొని పోయెడివాడు. రెండు నెలలు, మూడు నెలలు ఓర్చుకొనెడివాడు. గొణగెడివాడే గాని తీగ కోయుటకు వెనుదీసెడివాడు, ఏలయనగా మరునాడు అదే వీధిలో నడవవలెను గదా.

క్రొత్త పద్ధతిలో ఆ మనిషి లేడు. సొమ్ము మాత్రము పోవుచున్నది.

ఇది మా పినతల్లి యింట జరిగిన సంగతి. ఆమె చదువు రానిది, విధవరాలు. పండుగకు వచ్చిన మనుమడు ఆమె ఫోనులో ఒక సినిమా చూచుటకు చందా కట్టి, రహస్య సంఖ్య నొక్కి, ఊరికి వెళ్లిపోయెను. అటుపిమ్మట నెలనెలా ఆమె ఖాతానుండి సొమ్ము తానంతట తానే పోవుచుండెను. ఏడవ నెలలో గాని ఎవరును కనుగొనలేదు. ఖాతానుండి సొమ్ము తీయుటకు 24 గంటలు ముందుగా వర్తమానము పంపవలెనని రిజర్వు బ్యాంకు 2021 అక్టోబరు నుండి నియమము పెట్టినది. వర్తమానము వచ్చుచునే యున్నది, ఇంగ్లీషులో! బ్యాంకులో అడిగిన, ఫోనులోనే మానుకొనుమనిరి. నేను ఒక మధ్యాహ్నమంతయు ఆమె ప్రక్కను కూర్చుండి వెదకితిని. చేరుటకు బొటనవ్రేలంత రంగు గుర్తు ముందే యున్నది. మానుటకో, ఒక తలుపు వెనుక మరియొక తలుపు, దాని వెనుక "నిజముగా మమ్మును విడిచి పోవుదురా?" అను ప్రశ్న. కేబుల్‌వాడు ఏనాడైన ఈ పని చేసెనా?

ఇట్టి మోసపు పోకడలు పదమూడింటిని ప్రభుత్వము 2023 నవంబరులో పేరు పేరున ఎంచి నిషేధించెను. వాటిలో ఒకటి అచ్చముగా ఇదే, చందా ఉచ్చు. ఈ బాధ పడినవారు 1915 అను సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పవచ్చును. ఆ సంఖ్య గోడమీద వ్రాసికొనుడి.

ఇక ధర మాట. "కేబుల్‌కంటె ఇది చౌక గదా" అని ఆ చిన్నవాడు నన్ను నిలదీసెను. చౌకయే, ఒప్పుకొందును. ఎవరికి చౌక? నెట్‌ఫ్లిక్స్ కంపెనీ 2021 డిసెంబరులో మన దేశమునందు అతి చిన్న చందాను 199 నుండి 149 రూపాయలకు తగ్గించెను. ఆ 149కి ఫోనులోగాని, పలకవంటి చేతి తెరలోగాని ఒక్కడు చూడవచ్చును. టీవీ పెట్టెలో అది వెలుగదు. ఇల్లంతయు కూర్చుండి చూడవలెననిన ఎక్కువ చెల్లించవలెను. దీని భావమేమో నిదానించి చూడుడి. ఒంటరిగా చూచువానికి రాయితీ, కలిసి చూచువారికి జరిమానా! కేబుల్ తీగ ఒకటి ఇంటిలోనికి వచ్చిన, అవ్వయు తాతయు కోడలును పిల్లలును, అరుగుమీది పొరుగింటివారును చూచిరి. తీగ వారిని లెక్కపెట్టలేదు.

పెద్దవారిలో కొందరికి జ్ఞాపకముండును. 1975 ఆగస్టు మొదలుకొని ఒక సంవత్సరము, ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు ఉపగ్రహము ద్వారా బొమ్మలు పంపిరి. మన ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. ఊరికి ఒక పెట్టె. దానిముందు ఊరందరు నేలమీద కూర్చుండి సేద్యము, ఆరోగ్యము గూర్చి చూచిరి. అక్కడనుండి ఇంటికి ఒక పెట్టె, ఇప్పుడు మనిషికి ఒక పెట్టె. దీనిని అభివృద్ధి అనుచున్నారు!

చందాతో తీరునా? అదియు లేదు. చూచుటకు డేటా కావలెను. సామాన్యమైన బొమ్మకే గంటకు ఒక జీబీ వరకు, స్పష్టమైన బొమ్మకు మూడు జీబీల వరకు ఖర్చగును. దినమునకు ఒకటిన్నర జీబీ వేయించుకొనిన కూలివాడు మూడు గంటల సినిమా స్పష్టముగా చూడగలడా? విరామమునకు ముందే ఆగిపోవును. ప్రకటనల బాధ యుండదని చెప్పి పిలిచిరి. ఆ మాట ఎంతకాలము నిలిచెను? అమెజాన్ వారు 2025 జూన్ 17 నుండి మన దేశములోను ప్రకటనలు వేయసాగిరి. అవి వద్దనువారు నెలకు మరి 129 రూపాయలు కట్టవలెను. క్రికెట్టు సంగతియు చూడుడి. 2022లో ఐపీఎల్ అయిదేండ్ల హక్కులు 48,390 కోట్లకు అమ్ముడయ్యెను. 2023లో ఫోనులో ఉచితముగా చూపిరి. పిల్లలందరు అలవాటుపడిరి, అనేకులు కేబుల్ మానిరి. 2025లో అదే ఆట పూర్తిగా చూచుటకు చందాయైనను, చెప్పినంత రీఛార్జియైనను కావలసి వచ్చెను. కోడికి గింజలు చల్లువాడు కోడిమీది ప్రేమచేత చల్లునా?

నేను ఫోనును శపించుట లేదు. రేడియో వచ్చినప్పుడు శపించినవారిని, టీవీ వచ్చినప్పుడు శపించినవారిని ఎరుగుదును. వారు తరువాత అందరికంటె ముందు కొనిరి. 2020లో దేవాలయములు మూతపడిన దినములలో మంచము దిగలేని వృద్ధులకు ఆరాధన వినిపించినది ఫోనే. కువైటులో పనిచేయు తల్లి అక్కడనుండి తెలుగు పాట వినుచున్నది. ఇవి మేలులే. నేను వద్దనునది వాడుక కాదు, విడుదల అను అబద్ధపు పేరు.

నెలసరి కట్టుబడి లేని దారి ఒకటి యున్నది గాని దానికి చప్పట్లు లేవు. దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ 2004 డిసెంబరులో మొదలయ్యెను. గిన్నెకును పెట్టెకును ఒకసారి సొమ్ము పెట్టిన చాలును, నెలకు పైసా లేదు, డేటా లేదు. జాతీయ ప్రాముఖ్యముగల ఆటలు ఎవరు కొనినను దూరదర్శన్‌కు పంచి ఇయ్యవలెనని 2007 చట్టము చెప్పుచున్నది గనుక అవియు అందులో వచ్చును. అందులోని లోపము మనకు తెలిసినదే, హిందీ మెండు, తెలుగు కొరత. సప్తగిరి, యాదగిరి ఛానళ్లతో మన స్త్రీలు తృప్తిపడుట లేదు. అట్లయిన తెలుగు పెంచుడని మనము అడిగితిమా? రోడ్డు కొరకు, బోరు కొరకు ఎంపీగారియొద్దకు పోవుచున్నాము. ఈ సంగతి ఒక్క అర్జీలోనైన వ్రాసితిమా? కంపెనీవారు మన అర్జీ చదువరు. ప్రసారభారతి మన సొమ్ముతో నడచుచున్నది, అది చదువవలసినదే.

ఆ చిన్నవాడు మొన్న మరల కనబడెను. పట్నములో పనికి కుదిరెను, ప్రొద్దున పోయి రాత్రి వచ్చును, ఫోను అతనితో పోవును. "మీ అమ్మ వార్తలు ఎట్లు చూచుచున్నది?" అని అడిగితిని. కొంతసేపు ఊరకుండి, సాయంకాలము ఎదురింటికి పోయి చూచుచున్నదని చెప్పెను. ఆ యింట తీగ ఇంకను తీయలేదు.