జార్జియాలో మరుగుపడిన ద్రాక్షతీగెలు

నల్లసముద్రమునకు తూర్పున, కాకసస్ పర్వతశ్రేణికి దక్షిణమున ఉన్న జార్జియా చిన్న దేశము. జనసంఖ్య 40 లక్షల లోపు. అయినను ద్రాక్ష చరిత్రలో దానికున్న స్థానము పెక్కు పెద్ద దేశములకు లేదు. టిబిలిసి నగరమునకు దక్షిణమున గడచ్రిలి గోరా, షులవేరి గోరా అను పాటిదిబ్బలలో దొరికిన కుండపెంకులను పరీక్షించి, క్రీ. పూ. 6000 ప్రాంతముననే అచట ద్రాక్షాసవమును తయారుచేయుచుండిరని శాస్త్రజ్ఞులు 2017లో ప్రకటించిరి. ఆ దేశమున పుట్టిన ద్రాక్ష రకములు 500కు పైగా ఉన్నవని లెక్క. కెత్స్‌ఖోవేలి, రామిష్విలి, తాబిద్జే అను పండితులు 1960లో వెలువరించిన గ్రంథము వానిని ఒక్కొక్కటిగా వర్ణించినది. చిత్రమేమనగా, అవి పుస్తకమునకు ఎక్కుచున్న కాలముననే తోటలనుండి దిగిపోవుచుండెను.

దీనికి కారణము ఒక్కటి కాదు. 19వ శతాబ్ది చివర, అమెరికానుండి యూరపునకు వచ్చి ప్రాకిన ఫిలాక్సెరా అను సూక్ష్మకీటకము తీగెల వేళ్లను పీల్చి తోటలను నాశనము చేసెను. అమెరికా జాతి తీగె వేరుపై దేశీయపు కొమ్మను అంటుకట్టుటయే దానికి తగిన ఉపాయమని తేలినది. అట్లు తిరిగి నాటునప్పుడు రైతు అన్ని రకములను నాటలేదు, అమ్ముడుపోవువానినే నాటెను. పిదప సోవియట్ పాలన వచ్చెను. ఆసవ పరిశ్రమ ప్రభుత్వ కర్మాగారముల చేతిలోనికి పోయెను. కర్మాగారమునకు కావలసినది రుచిలో వైవిధ్యము కాదు, టన్నులలో దిగుబడి. కనుక ర్కాత్సితేలి అను తెల్లద్రాక్షయు, సాపెరావి అను నల్లద్రాక్షయు తోటలను ఆక్రమించినవి. ఇవి రెండును పరాయివి కావు, ఆ నేల బిడ్డలే. ఇంటి పెద్దబిడ్డలే తమ్ములను వీథిలోనికి నెట్టినట్లయినది. పశ్చిమమున సమెగ్రెలో ప్రాంతపు ఓజలేషి చెట్లపైకి ప్రాకి కాయును. కోయువాడు బుట్టతో చెట్టెక్కవలెను. వరుసలు తీర్చి యంత్రములు నడపు వ్యవసాయములో దానికి చోటెక్కడిది? తుదకు 1985లో గోర్బచేవ్ ప్రభుత్వము మద్యవ్యతిరేకోద్యమము నారంభించినప్పుడు అనేక తోటలను మొదలంట పెరికివేసిరి. త్రాగుడు మాన్పవలెనన్న సంకల్పమును తప్పుపట్టనక్కరలేదు; కాని మూతబడిన అంగడిని మరునాడు తెరువవచ్చును, పెరికిన తీగెను తెరువజాలము.

ఈ విషయమున వరికిని ద్రాక్షకును పెద్ద భేదమున్నది. వరివిత్తును మూటకట్టి దాచినట్లు ద్రాక్షను దాచుటకు వీలులేదు. గింజను పాతినచో తల్లిని పోలిన తీగె రాదు. రకము చెడకుండ నిలువవలెనన్న, బ్రదికియున్న తీగెనుండి కొమ్మముక్కను కోసి నాటవలెను, లేదా అంటుకట్టవలెను. అనగా నేడున్న ప్రతి పాతరకమును ప్రతి తరమునందు ఎవరో ఒకరు చేతులార నాటుచు వచ్చినందుననే ఇంతవరకు వచ్చినది. ఒక్క తరము ఊరకున్నచో వందల యేండ్ల వరుస తెగిపోవును. ముసలి తీగె ఎచటనో దొరికినను అది ఏదో తేల్చుట సులభము కాదు. ఒకే రకమునకు లోయకొక పేరు; ఒకే పేరున రెండు రకములు. డి.ఎన్.ఎ. పరీక్ష వచ్చిన తరువాత ఈ చిక్కు చాలవరకు విడినది. పాత తీగెలలో వైరసు తెగుళ్లుండును గనుక శుద్ధమైన అంటు సిద్ధమగుటకు కొంతకాలము పట్టును. నాటిన పిదప తొలి పంటకు మరి మూడేండ్లు.

1991లో స్వాతంత్ర్యము వచ్చినను తోటల స్వరూపము వెంటనే మారలేదు. జార్జియా ఆసవమునకు రష్యాయే పెద్ద బజారు. ఆ బజారు అలవాటుపడిన పేర్లను అడిగెనే గాని క్రొత్త రుచుల నడుగలేదు. రెండు దేశముల సంబంధములు చెడియున్న 2006లో, సరకు నాణ్యతను కారణముగా చూపి రష్యా ఈ దిగుమతిని నిషేధించెను. కర్మాగారములు దిక్కుతోచక నిలిచిన ఆ సమయమున చిన్న రైతునకు దారి దొరకినది. పశ్చిమ యూరపు, అమెరికా, జపాను దేశములలో కొందరు కొనుగోలుదారులు తాము ఎన్నడు నెరుగని రుచిని వెదకుచుండిరి. ఆ రుచి రైతు ఇంటనే ఉన్నది. ‘మరాని’ అను కొట్టులో మెడవరకు నేలలో పాతిన క్వెవ్రి అను కోడిగ్రుడ్డు ఆకారపు పెద్ద మట్టిబాన. దాని లోపల తేనెమైనపు పూత. త్రొక్కిన ద్రాక్షను తోలు, గింజలతోను, ఒక్కొక్కచోట కాడలతోను అందులో పోసి, పులిసిన పిదప మూతవైచి వసంతమువరకు ఉంచుట తాతలనాటి పని. భూమి చల్లదనము చాలును, శీతలయంత్రము అక్కరలేదు. యునెస్కో ఈ పద్ధతిని 2013లో మానవాళి అమూర్త వారసత్వపు జాబితాలో చేర్చినది. ఇట్టి రైతునకు కొన్ని వందల సీసాలే గొప్ప. కర్మాగారము ఏ కొద్దిపంటను లెక్కకు రాదని త్రోసివేసినదో, ఆ కొద్దిపంటయే ఇతనికి సరిపోయినది. కిసి, ఖిఖ్వి, షవ్‌కపిటో, చ్ఖవేరి అను పేర్లు మరల వినబడుచున్నది ఇందువలననే.

ప్రభుత్వమును చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ప్రాచీన రాజధానియగు మ్త్స్‌ఖేతాకు సమీపమున జిఘౌరాలో 400కు పైగా స్వదేశ రకములను పెంచుచు, రైతులకు అంటుమొక్కలను అందించుచున్నారు. ఈ తోట లేకున్న పెక్కు రకములు పేరునకు మాత్రమే మిగిలియుండెడివి. కాని తోటలో ఉండుట వేరు, వాడుకలో ఉండుట వేరు. మేల్కొన్న రకములు కొద్ది. కిసికి గిరాకి కలిగినదని అందరును కిసినే నాటిన, మరుగుపడిన తక్కినవానికి ఒరిగినదేమి?

బజారు ఒక ఫలమును ఎట్లు మరపించునో తెలుగువారును ఎరుగుదురు. 20వ శతాబ్ది మధ్యభాగమున హైదరాబాదు చుట్టుపట్ల తోటలకు కీర్తి తెచ్చిన అనాబ్-ఎ-షాహి తినుటకు పండించిన ద్రాక్ష. ఆసవముతో దానికి పనిలేదు. గింజలేని థామ్సన్ రకమునకు జనులు అలవాటుపడిరి. నగరము తోటలమీదికి పెరిగెను. ఎవరును దానిని నిషేధింపలేదు, పెరికివేయుడని ఆజ్ఞాపింపలేదు. కొనువారు వేరొకదానిని అడిగిరి, అంతే.

జార్జియాలోను పాత బజారు తిరిగి వచ్చినది. 2013లో రష్యా నిషేధమును ఎత్తివేసెను. పిమ్మట ఎగుమతులలో సగమునకు పైగా మరల అచటికే పోవుచున్నవి. ఆ సరకులో సాపెరావిదే పెద్దపీట. ర్కాత్సితేలి పంటకు ప్రభుత్వమే కొన్ని సంవత్సరములు, 2020లో వలె, రాయితీ ఇచ్చి ధర నిలిపినది. రైతు కడుపు నిండవలెను గనుక దానిని ఆక్షేపించుట కష్టము. అయితే తూర్పున కఖేతి ప్రాంతపు రైతు ముందున్న లెక్క ఇది: ర్కాత్సితేలి నాటిన, కోతనాడు బండి వాకిట నిలుచును, ఖిఖ్వి నాటిన, బానలో నింపి, వసంతమువరకు కాచి, సీసాలకెత్తి, కొనువానిని తానే వెదకుకొనవలెను. ఈ లెక్క తెలిసియు రెండు మూడు వరుసలు ఖిఖ్వికి విడుచు రైతులు అచట ఉన్నారు. ఆ వరుసలకు జిఘౌరా తోటలో మొక్క దొరకుచున్నది గాని, పంటకు రాయితీ లేదు.