చలి రాత్రి లారీలో నిద్ర: ముందు గాలి, తర్వాతే వెచ్చదనం

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో ఇందా ఒక పేట. ఖరగ్‌పూర్ కళాశాల ఉన్నది ఇక్కడే. పాత ఒరిస్సా ట్రంక్ రోడ్డు ఈ పేట మీదుగానే పోతుంది. 16, 49 నంబర్ల జాతీయ రహదారులు ఖరగ్‌పూర్ దగ్గరే కలుస్తాయి. వీటిలో 16వ నంబరు రహదారి తెలుగువారికి బాగా తెలిసినదే. చెన్నై నుంచి నెల్లూరు, విజయవాడ, విశాఖపట్నం, భువనేశ్వర్ మీదుగా కోల్‌కతా వైపు సాగే దారి అది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో పనికోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో ఎన్నో ఉన్నాయి. ఇక కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పెరిగిన బొచ్చె, రోహు చేపలు మంచు మధ్య సర్దుకుని హావ్‌డా మార్కెట్‌కు వెళ్ళేది కూడా ఈ దారినే. ఆ లారీలు సుమారు వెయ్యి కిలోమీటర్లు నడిచాక గానీ ఖరగ్‌పూర్ చేరవు.

అంత దూరం నడిపిన మనిషి ఎక్కడో ఒకచోట పడుకోవాలి. చాలామందికి ఆ చోటు లారీ క్యాబినే. డిసెంబరు, జనవరి నెలల్లో రోడ్డు పక్కన బారులు తీరిన లారీల్లో జరిగేది, సరదా కోసం ఎడారిలో వాహనం ఆపి రాత్రి గడిపేవారు చేసేది భౌతికశాస్త్రం లెక్కలో ఒకటే: ఇనుప పెట్టెలో పడుకుని చలిని గెలవడం. తేడా ఒక్కటే. ఎడారికి వెళ్ళేవారు నెల ముందు నుంచి ఏర్పాట్లు చేసుకుంటారు. లారీ డ్రైవరుకు ఏ ఏర్పాటూ ఉండదు. అప్పుడు చేతికి అందే ఉపాయం బొగ్గుల కుంపటి. ప్రాణాలు పోయేది దానివల్లే.

ఎడారి చలి, ఇందా చలి

థార్ ఎడారి అంచున ఉన్న రాజస్థాన్‌లోని చురూ పట్టణం 2019 జూన్‌లో 50 డిగ్రీల సెల్సియస్ దాటిన ఎండను చూసింది. చలికాలంలో అదే ఊళ్ళో ఉష్ణోగ్రత సున్నా కిందకు కూడా దిగుతుంది. ఇంత తేడాకు కారణం గాలిలో తేమ లేకపోవడమే. పగలు వేడెక్కిన నేల రాత్రి ఆ వేడిని కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. గాలిలో నీటి ఆవిరి, పైన మబ్బు ఉంటే అవి అందులో కొంత వేడిని పట్టి ఆపి, తిరిగి నేలకు పంపుతాయి. ఎడారి మీద ఆ దుప్పటి పలుచన. పైగా ఇసుక రేణువుల మధ్య గాలి ఉంటుంది కాబట్టి పగటి వేడి లోతుకు దిగదు. పైపొర ఎంత త్వరగా కాలుతుందో అంత త్వరగా చల్లబడుతుంది. అందుకే ఎడారి ప్రయాణానికి మధ్యాహ్నపు ఎండను చూసి బట్టలు సర్దుకునేవారు తెల్లవారుజామున వణుకుతారు.

ఖరగ్‌పూర్ చలి తీరు వేరు. ఇక్కడ జనవరి రాత్రులు సాధారణంగా పది, పదిహేను డిగ్రీల మధ్య ఉంటాయి. మైదాన ప్రాంతాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో అంతకన్నా తక్కువకో పడి, మామూలు కంటే కనీసం నాలుగున్నర డిగ్రీలు తగ్గితే గానీ భారత వాతావరణ విభాగం సాధారణంగా దాన్ని చలిగాలిగా ప్రకటించదు. కాబట్టి చాలా రాత్రులు హెచ్చరికల జాబితాలోకే రావు. అయినా క్యాబిన్‌లో పడుకున్నవారికి చలి ఎముకలు కొరుకుతుంది. దానికి కారణాలు రెండు. ఒకటి తేమ, రెండు ఇనుము.

ఉక్కులో వేడి, కదలని గాలిలో కంటే సుమారు రెండు వేల రెట్లు సులువుగా ప్రవహిస్తుంది. లారీ పైకప్పు రేకు ఆకాశంలోకి వేడి వదులుతూ చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది. ఉదయాన్నే దానిమీద మంచు బిందువులు పేరుకునేది అందుకే. లోపల పడుకున్న ఇద్దరి ఊపిరి నుంచి, ఒంటి నుంచి రాత్రంతా కలిపి సుమారు అర లీటరు నీరు ఆవిరిగా వెలువడుతుంది. అది చల్లని అద్దానికి, రేకుకు తగిలి నీరై కారుతుంది. దుప్పటి చెమ్మగిల్లుతుంది. తడిసిన దుప్పటి చలిని ఆపలేదు. థార్‌లో శత్రువు ఆకాశం, ఇందాలో శత్రువు చెమ్మ. రెండుచోట్లా మనిషికి తోచే మందు మాత్రం ఒకటే: లోపల కాస్త నిప్పు పెట్టుకోవడం.

నివురు కింద ఏముంది

కుంపటి పొగ కక్కినంతసేపు ఎవరూ దాన్ని లోపలికి తీసుకుపోరు. బొగ్గులు ఎర్రబడి, పైన నివురు కప్పాక, ఇక ప్రమాదం లేదనుకుంటారు. నిజానికి ప్రమాదం అప్పుడే ఎక్కువ. ఆక్సిజన్ చాలకుండా రాజుకునే బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దాంతో ఊపిరి ఆడుతూనే ఉంటుంది గానీ మెదడుకు, గుండెకు ఆక్సిజన్ అందదు. తలనొప్పి, వికారం, మత్తు దీని లక్షణాలు. పగలంతా లారీ నడిపినవారు వీటిని అలసటగానే తీసుకుంటారు. నిద్రలో ఉన్నవారికైతే ఆ హెచ్చరిక కూడా అందదు.

ఒక చిన్న లెక్క చూస్తే విషయం తేలుతుంది. క్యాబిన్‌లో ఆరు ఘనపు మీటర్ల గాలి ఉందనుకుందాం. కుంపటిలో వంద గ్రాముల కార్బన్ కాలి, అందులో ఇరవయ్యో వంతు మాత్రమే కార్బన్ మోనాక్సైడ్‌గా మారిందనుకుందాం. అంటే ఐదు గ్రాముల కార్బన్ నుంచి దాదాపు పన్నెండు గ్రాముల వాయువు. గాలి మారకపోతే ఒక్కో ఘనపు మీటరులో సుమారు 1,900 మిల్లీగ్రాములు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక గంటకు పెట్టిన పరిమితి ఘనపు మీటరుకు 35 మిల్లీగ్రాములు. అంటే యాభై రెట్లకు పైమాటే. గుప్పెడు బొగ్గులకే ఇంత.

కొందరు అద్దం కాస్త దించి కుంపటి పెట్టుకోవచ్చంటారు. ఇది నమ్మదగ్గ మాట కాదు. రెండు వేళ్ళ సందు ఊపిరి ఆవిరి పోవడానికి చాలుతుంది గానీ, నిప్పు పుట్టించే విషవాయువును బయటకు పంపడానికి చాలదు. ఆ వాయువు గాలితో దాదాపు సమాన బరువు కాబట్టి అంతటా కలిసిపోతుంది. పై బెర్తులో పడుకున్నా కింద పడుకున్నా తేడా లేదు. చాలా ఏళ్ళుగా కుంపటి పెట్టుకుంటున్నా ఏమీ కాలేదనేవారూ ఉన్నారు. వారి అనుభవం అబద్ధం కాదు. అయితే పాత లారీల క్యాబిన్లను చాలావరకు స్థానికంగా చెక్కతో కట్టేవారు. వాటి సందుల్లోంచి గాలి ఆడేది. ఇప్పటి క్యాబిన్లు కర్మాగారం నుంచే బిగుతుగా వస్తున్నాయి. అలవాటు పాతది, క్యాబిన్ కొత్తది.

ఇంజను నడుపుతూ హీటరు వేసుకోవడం కూడా సరైన దారి కాదు. నిలబెట్టి నడిపితే భారీ లారీ గంటకు రెండు మూడు లీటర్ల డీజిలు తాగుతుంది. సైలెన్సర్ గొట్టానికి చిల్లి పడినా, ఎడారిలో దాని మూతి ఇసుకలో కూరుకుపోయినా, పొగ క్యాబిన్‌లోకి చేరుతుంది.

చేపలకు చేసే ఏర్పాటు మనిషికి ఎందుకు లేదు

చేపల లారీల విషయంలో ఒక విచిత్రం ఉంది. వెనక సరుకుకు థర్మోకోల్, మంచు, మందపాటి కప్పు అన్నీ ఉంటాయి. బయటి వేడి లోపలికి రాకుండా ఆపేది థర్మోకోల్‌లో చిక్కుకున్న గాలి. దాని పరిమాణంలో దాదాపు 98 శాతం గాలే. అదే గాలిపొర లోపలి వేడిని బయటకు పోకుండా కూడా ఆపగలదు. వెయ్యి కిలోమీటర్ల దాకా చేపకు చల్లదనం కాపాడే శాస్త్రం, ముందు భాగంలో పడుకున్న మనిషికి వెచ్చదనం కాపాడలేదా?

తప్పకుండా కాపాడుతుంది. ఎందుకంటే వేడి పుట్టించే యంత్రం అక్కడే ఉంది. నిద్రపోయే మనిషి ఒళ్ళు సుమారు 70, 80 వాట్ల వేడి ఇస్తుంది. ఇద్దరుంటే అది 150 వాట్లు. కావాల్సింది మరో నిప్పు కాదు, ఈ వేడిని పారిపోకుండా చూడటం. రగ్గుకు సొంత వేడి లేదు. అది పట్టి ఉంచే గాలిదే ఆ పని.

ఈ సంగతి తెలిస్తే ఏర్పాట్ల వరుస మారుతుంది. మొదట కింద పరిచేదాని మీద దృష్టి పెట్టాలి. ఒంటి బరువుకు కింది బట్ట నలిగి అందులో గాలి మిగలదు. కాబట్టి పైన మరో రగ్గు కప్పుకోవడం కంటే కింద అట్టపెట్టెల అట్టలు, ఫోమ్ పరుపు, మందపాటి బొంత వేసుకోవడం ఎక్కువ మేలు చేస్తుంది. రెండోది, పైకప్పుకు, తలుపులకు లోపలివైపు ఫోమ్ షీటు అతికించడం, రాత్రిపూట అద్దాలకు అడ్డంగా తెర గానీ అట్ట గానీ పెట్టడం. మూడోది, ఎదురెదురు అద్దాలను రెండు వేళ్ళ మందం దించడం. చలి వస్తుందని అనిపించినా, చెమ్మ పోతే పక్క పొడిగా ఉంటుంది, పొడి పక్కే వెచ్చగా ఉంటుంది. నాలుగోది, పగలు చెమటకు తడిసిన బనియను, మేజోళ్ళు మార్చి పొడివి వేసుకోవడం, తలకు మంకీ క్యాప్ పెట్టుకోవడం. వీలైతే చెట్టు కిందో షెడ్డు కిందో ఆపితే పైకప్పు ఆకాశంలోకి వేడి పోగొట్టుకోవడం తగ్గుతుంది.

అదనంగా వెచ్చదనం కావాలంటే వేడినీళ్ళ సీసా ఉంది. 60 డిగ్రీల లీటరు నీరు 35 డిగ్రీలకు చల్లారేలోపు సుమారు 105 కిలోజౌళ్ళ వేడి ఇస్తుంది. నాలుగు గంటలకు పంచితే అది ఏడు వాట్లు. వినడానికి తక్కువే, కానీ బొంత లోపల పాదాల దగ్గర ఉంటే హాయిగా నిద్ర పడుతుంది. మూత గట్టిగా బిగించి, గుడ్డ చుట్టి పెట్టాలి. ధాబాలో టీ కాచే పొయ్యి మీదే ఆ నీళ్ళు కాగుతాయి. మద్యం మాత్రం దీనికి బదులు కాదు. అది చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేసి వేడి పుట్టినట్టు భ్రమ కల్పిస్తుంది గానీ, లోపలి వేడిని బయటకు పంపేస్తుంది.

ఎవరైనా మూసిన క్యాబిన్‌లో కుంపటి పక్కన మత్తుగా పడి ఉంటే ముందు తలుపులు తెరిచి, బయటి గాలిలోకి తేవాలి. 112కు ఫోన్ చేయాలి. వేలికి పెట్టే మామూలు పల్స్ ఆక్సీమీటరు ఇక్కడ మోసం చేస్తుంది. అది కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని ఆక్సిజన్ ఉన్న రక్తంగానే చూపిస్తుంది. మామూలు గాలి పీలుస్తుంటే ఈ విషం రక్తంలో సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆసుపత్రిలో శుద్ధమైన ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో తగ్గుతుంది. అందుకే కాస్త తేరుకున్నారని మళ్ళీ పడుకోబెట్టకూడదు.

బాధ్యత డ్రైవరు ఒక్కడిదేనా

ఇంతవరకూ చెప్పినవన్నీ డ్రైవరు, క్లీనరు చేసుకోగలిగినవి. కానీ ఇలాంటి మరణాలను నిర్లక్ష్యం ఖాతాలో రాసి ఊరుకోవడం న్యాయం కాదు. వెచ్చగా పడుకునే చోటు పది అడుగుల దూరంలో ఉంటే ఎవరూ కుంపటిని క్యాబిన్‌లోకి ఎక్కించరు.

ఈ అవసరాన్ని చట్టం ఏనాడో గుర్తించింది. రవాణా కార్మికులు రాత్రి ఆగాల్సిన చోట యజమాని విశ్రాంతి గదులు ఏర్పాటు చేయాలని, వాటికి తగిన వెలుతురు, గాలి ఉండాలని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది. అయితే అది ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువ కార్మికులున్న సంస్థలకే వర్తించేది. ఒకటి రెండు లారీలు నడుపుకునే యజమానులు దాని పరిధిలోకి వచ్చేవారు కాదు. మన రోడ్ల మీద అలాంటి లారీలకు కొదవ లేదు. పెట్రోలు బంకుల దగ్గర 'అప్నా ఘర్' పేరుతో చమురు సంస్థలు డ్రైవర్లకు పడకలు, స్నానపు గదులు ఏర్పాటు చేయడం మంచి అడుగే. ఖరగ్‌పూర్ లాంటి రహదారుల కూడలిలో అలాంటి పడకలు విరివిగా ఉండాలి. చలి రాత్రుల్లో ఖాళీ లేదన్న మాట వినబడకూడదు.

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ సరుకు వాహనాల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి చేశారు. ఎండల దేశంలో ఇది అవసరమైన నిబంధన. కానీ ఏసీ క్యాబిన్ అంటే మరింత బిగుతైన క్యాబిన్. అందులో పాత అలవాటుతో కుంపటి వెలిగిస్తే ముప్పు పెరుగుతుంది. ఇంజను ఆపితే ఏసీ మామూలుగా పనిచేయదు కాబట్టి రాత్రి నిద్ర సమస్య అలాగే మిగులుతుంది. కాబట్టి ఏసీతోపాటు రెండు చిన్న విషయాలు కూడా నిబంధనల్లో చేరడం అవసరం: పైకప్పుకు, తలుపులకు వేడిని ఆపే పొర, బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం. లారీ ధరతో పోలిస్తే వీటి ఖర్చు లెక్కలోకి రాదు. మన ముక్కు పసిగట్టలేని వాయువును పసిగట్టేది ఆ అలారం ఒక్కటే.

ధాబా యజమానులు, లారీ సంఘాలు ప్రభుత్వం కోసం ఆగనవసరం లేదు. చలికాలం మొదలవగానే కుంపటి ఆరుబయటే ఉండాలని తెలుగు, హిందీ, బెంగాలీ, ఒడియా భాషల్లో ఒక బోర్డు, అడిగినవారికి సీసాడు వేడినీళ్ళు, ఒక రేకుల షెడ్డు ఉంటే చాలు. ఎడారి విహారానికి వెళ్ళేవారు డబ్బు పెట్టి కొనుక్కునే భద్రత ఇంతకంటే గొప్పదేమీ కాదు. చేపలు చెడకుండా హావ్‌డా చేర్చగలిగిన దేశం, వాటిని చేర్చే మనిషి తెల్లారి కళ్ళు తెరిచేలా చూసుకోలేనంత పేదదీ కాదు.