నింద మిగిలింది, నిదానం పోయింది



ఆమధ్య దూరపు బంధువుల ఇంట పెళ్ళికి వెళ్ళాను. విస్తరి ముందు కూర్చున్నానో లేదో, వరుసకు బావ అయ్యే పెద్దమనిషి ఎదుటి పంక్తి నుండి అందరికీ వినబడేలా పలకరించాడు. "ఏం బావా, అన్ని లక్షలు పోసి పొట్ట కోయించుకున్నావు గదా, మళ్ళీ పాతరూపానికే వచ్చేస్తున్నావే! నోరు కట్టుకోవడం చేతకానప్పుడు కత్తిదాకా ఎందుకు వెళ్ళావయ్యా?" పంక్తి అంతా నవ్వింది. వడ్డించే కుర్రవాడు నా విస్తట్లో బూరె వేయాలా వద్దా అని తటపటాయించాడు. నేనూ నవ్వాను. ముప్పయ్యేళ్ళు తెలుగు పాఠాలు చెప్పిన నోటికి ఆ పూట ఒక్క జవాబూ తోచలేదు. ఆ జవాబే ఈ టపా.

ముందుగా నా లెక్క నేనే చెబుతాను. 2013లో నా బరువు 126 కిలోలు. షుగరు, రక్తపోటు, రాత్రి నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం. ఆ ఏడే నాకు స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ చేశారు. అంటే జీర్ణాశయంలో ఇంచుమించు నాలుగింట మూడువంతులు కోసి తీసివేసి, మిగిలినదానిని సన్నని గొట్టంలా మిగల్చడం. ఏడాదిన్నరలో 84 కిలోలకు దిగాను. షుగరు మాత్రలు మాన్పించారు. కుర్చీ ఆసరా లేకుండా గంటసేపు నిలబడి ఛందస్సు చెప్పగలిగాను. అయిదవ ఏట నుండి ముల్లు మెల్లగా పైకి పాకడం మొదలుపెట్టింది. ఇప్పుడు 107 దగ్గర ఉంది. మాత్రలు తిరిగి వచ్చాయి.

నా తప్పేమీ లేదా అంటే, ఉంది. గొట్టంవంటి పొట్టలో గట్టి ముద్ద ఇరుక్కుంటుంది గాని పాయసం జారిపోతుంది. అలా జారవిడిచిన గిన్నెలు నా ఖాతాలో ఉన్నాయి. సాయంత్రాల కారప్పూస ఉంది. మోకాలు నొప్పి సాకుగా మానేసిన నడక ఉంది. నా వాటా నాదే, కాదనను. కాని నా వాటా ఎంత, శరీరపు వాటా ఎంత అని తేల్చకుండా పద్దు మొత్తం నా నోటిమీదనే రాసే న్యాయం ఎక్కడిది?

మన ప్రాచీన వైద్యాన్నే సాక్ష్యానికి పిలుద్దాం. చరకసంహిత సూత్రస్థానంలో ఇరవైఒకటవ అధ్యాయం పేరు అష్టౌనిందితీయం. లోకం నిందించే ఎనిమిది రకాల దేహాలు అందులో చెప్పబడ్డాయి. అతిస్థూలుడు వారిలో ఒకడు, అతికృశుడు మరొకడు. ఇంతవరకే విన్నవారు "చూశావా, శాస్త్రమే నిందించింది" అంటారు. ఆ తరువాత ఏముందో చదవరు. స్థౌల్యానికి కారణాలు చెప్పేటప్పుడు ఆ గ్రంథం అతిభోజనంతోను, పగటినిద్రతోను పాటు బీజస్వభావాన్ని కూడా చేర్చింది. మేదస్సు మార్గాలను కప్పివేయగా వాయువు కోష్ఠంలోనే తిరుగాడి అగ్నిని రగిలిస్తుందని, అందువల్ల తిన్నది త్వరగా జీర్ణమై మళ్ళీ ఆహారకాంక్ష పుడుతుందని వివరించింది. అంటే ఆ ఆకలి కూడా రోగంలో భాగమేనని దాని తాత్పర్యం. నిదానమంటే ఆయుర్వేదంలో రోగకారణ విచారణ. తెలుగు వాడుకలో తొందరపాటు లేకపోవడం. మనం నిందను కంఠస్థం చేసి, రెండర్థాల నిదానాన్నీ వదిలేశాం.

"అది పాతకాలపు మాట, నేటి శాస్త్రం ఏమంటుంది?" అనేవారికి నేటి మాటే చెబుతాను. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోనును జపాను శాస్త్రజ్ఞులు 1999లో కనుగొన్నారు. అది ప్రధానంగా ఊరేది జీర్ణాశయంలోనే. ఆకలి మనసు బలహీనత మాత్రమే కాదని, దానికి రక్తంలో ప్రవహించే దూత ఉన్నదని అప్పుడు తేలింది. అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్న పద్నాలుగు మందిని ఆరేళ్ళ తరువాత పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. వారు శస్త్రచికిత్స చేయించుకున్నవారు కారు, కఠోరమైన వ్యాయామంతోను, పథ్యంతోను తగ్గినవారు. తగ్గిన బరువులో సింహభాగం తిరిగి వచ్చింది. అంతకంటె విచిత్రం, వారి శరీరాలు విశ్రాంతిలో ఖర్చుపెట్టవలసిన దానికంటె రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువ ఖర్చు పెడుతున్నాయి. ఒక పూట భోజనమంత! చిక్కిన దేహం కరువు వచ్చిందనుకొని పిసినారి అవుతుంది. యజమాని ఎంత బ్రతిమాలినా గాదె తలుపు తెరవదు.

ఇక స్వీడనులో 1987లో మొదలైన అధ్యయనం. శస్త్రచికిత్స చేయించుకున్నవారు 2,010 మంది, చేయించుకోనివారు 2,037 మంది. గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నవారు మొదటి ఒకటి రెండేళ్ళలో సగటున నూటికి 32 వంతుల బరువు కోల్పోయారు. పదేళ్ళకు అది 25 వంతులయింది. అంటే సగటు మనిషికే కొంత తిరిగి వస్తుంది. సగటు అంటే నాలాగా ఎక్కువ తిరిగి వచ్చినవారూ అందులో ఉన్నారనే కదా! మరి మామూలు సలహాలతో, చికిత్సలతో సరిపెట్టుకున్నవారి బరువు అన్నేళ్ళూ రెండు వంతులు అటో ఇటో అక్కడే నిలిచింది. బావగారి "నోరు కట్టుకో" అనే ఔషధపు బలం అంతే. శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో మరణాలు కూడా తక్కువే. కనుక ఈ టపా చదివి "ఆపరేషన్లు దండగ" అని ఎవరూ పొరపడవద్దు. 126తో పోలిస్తే 107 తక్కువే. నడుమ దక్కిన ఆరోగ్యపు ఏళ్ళు నా పుణ్యఫలమే.

తప్పు శస్త్రచికిత్సది కాదు, దానిని అమ్మే తీరుది. కూడలిలో ఆకాశమంత బోర్డు. ఎడమవైపు దిగులు ముఖం, కుడివైపు నవ్వు ముఖం. ఆ కుడివైపు ఫోటో ఏ ఏడు తీసినదో రాయరు. మందులతో స్థూలకాయం నయమవుతుందని ప్రకటించరాదని 1954లోనే మన దేశంలో చట్టం వచ్చింది. అయినా చూర్ణాల ప్రకటనలు గోడలెక్కుతూనే ఉన్నాయి, ఆసుపత్రుల బోర్డులు వాటికి పెద్దన్నలయ్యాయి. నాకు కోతకు ముందు మొదటి ఏడాది ఏం తినాలో రంగుల పుస్తకమిచ్చి చెప్పారు. పదవ ఏడాది ఏమవుతుందో ఒక్క వాక్యం చెప్పలేదు. మూడో బొమ్మ కూడా వేయండి అంటున్నాను, పదేళ్ళ తరువాతిది. అది చూసికూడా చేయించుకునేవాడే తెలిసి చేయించుకున్నవాడు.

ఇప్పుడు నింద ఖరీదు చెబుతాను. బరువు పెరగడం మొదలయిన తరువాత నాలుగేళ్ళు నేను వైద్యుని దగ్గరకు పోలేదు. ఆ తూకం యంత్రమెక్కి తలవంచుకోవడం ఇష్టంలేక. ఈ చికిత్స తరువాత జన్మాంతం విటమిన్లు, ఏటేటా రక్తపరీక్షలు తప్పవు. సిగ్గుతో అవీ మానేశాను. అరికాళ్ళు తిమ్మిరెక్కి, మెట్లెక్కితే ఆయాసం వచ్చి, చివరికి మా అమ్మాయి బలవంతాన తీసుకువెళితే బి12 అడుగంటిందని, రక్తం పలుచబడిందని తేలింది. నింద నా దేహంలో ఒక్క కిలో తగ్గించలేదు. వైద్యుని గుమ్మం మాత్రం తొక్కనివ్వలేదు.

ఈ నేరంలో నేనూ ముద్దాయినే. పాఠంలో బకాసురుడో ఘటోత్కచుడో రాగానే తరగతి కళ్ళన్నీ మూడో బెంచీలోని ఒక బొద్దు పిల్లవాడి వైపు తిరిగేవి. ఆ నవ్వును నేను ఆపలేదు, ఒకటి రెండుసార్లు కలిసి నవ్వాను. వాడు తరువాత తరువాత మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవడానికి చెట్టు వెనుకకు పోయేవాడు. కారణం నాకు తెలుసు, తెలిసీ అడగలేదు. పెళ్ళిపంక్తిలో నేను నవ్విన నవ్వు ఆ పిల్లవాడు నవ్వినదే.

2025లో బరువు తగ్గించే కొత్త సూదిమందులు కొన్ని మన దేశపు అంగళ్ళకు వచ్చాయి. వెగోవీలో ఉండే సెమాగ్లూటైడ్ ఆపిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండువంతులు తిరిగి వచ్చినట్లు 2022లో ప్రకటించిన పరిశీలన చెప్పింది. రేపు ఆ సూదులు వాడి ఆపినవారిని కూడా మన పెళ్ళిపంక్తులు ఇలాగే పలకరిస్తాయి. రక్తపోటు మాత్ర మానితే రక్తపోటు పెరిగినవాణ్ణి ఎవరూ నవ్వరే! దీర్ఘరోగం తిరిగి రావడం దాని స్వభావం. తిరిగి చికిత్స చేయించుకోవడం మన పని.

నావంటి వారెవరైనా ఇది చదువుతుంటే ఒక్క విన్నపం. మీకు కోత పెట్టిన వైద్యుని దగ్గరకు మళ్ళీ వెళ్ళండి. తిరిగి శస్త్రచికిత్సా, మందా, పథ్యమా, అన్నీనా అన్నది ఆయన తేలుస్తాడు. తల మాత్రం వంచుకొని వెళ్ళకండి. నేను వచ్చే సోమవారం రక్తపరీక్షల కాగితాలు పట్టుకొని వెళుతున్నాను.

బావగారికి కూడా జవాబు దొరికింది. "కత్తిదాకా వెళ్ళాను గనుకనే బావా, ఇవాళ నీ ఎదుటి పంక్తిలో కూర్చున్నాను. ఆ బూరె నీకు వేయమను."