ధైర్యం మనకుంది, పెట్టుబడి ఎక్కడ?

‘ఉద్యోగాలు అడగకండి, పదిమందికి ఉద్యోగాలిచ్చేవారు కండి’ అన్న హితబోధ ఇప్పుడు ప్రతి సభలోనూ వినిపిస్తోంది. ముస్లిం యువకులకైతే మరింత గట్టిగా చెబుతున్నారు. గుమస్తాగా పదవీ విరమణ చేసి, ఇరుగుపొరుగు పిల్లలకు రుణ దరఖాస్తులు రాసిపెట్టే నాకు ఈ మాట వింటే నవ్వూ బాధా ఒక్కసారే కలుగుతాయి.

స్వయం ఉపాధి మనకు ఎవరో నేర్పవలసిన విద్య కాదు. ముస్లింలలో దానిపై ఆధారపడినవారి వాటా ఇతరులకన్నా ఎక్కువని 2006లోనే సచార్ కమిటీ తేల్చింది. బ్యాంకు రుణాల్లో మాత్రం మన వాటా జనాభాకు తగినట్టు లేదనీ, కొన్ని బ్యాంకులు సులభంగా అప్పివ్వరాని ‘ప్రతికూల ప్రాంతాల’ను గుర్తించి పెట్టుకున్నాయనీ అదే నివేదిక చెప్పింది. పరుగెత్తమని చెప్పేవారు ముందు కాళ్ల సంకెళ్లు చూడవద్దా?

మా గోనెగండ్లలో ఒక యువకుడు ట్రాక్టరు గొర్రులకు మరమ్మతులు చేస్తాడు. మరమ్మతుతో ఆగక గొర్రులనే తయారుచేసి అమ్మాలనుకున్నాడు. పాత దుకాణంలో కొత్త ఆలోచన అంటే ఇదే. 2015లో వచ్చిన ముద్రా పథకం కింద పది లక్షల వరకు తాకట్టు అవసరం లేదు. అయినా ఒక బ్యాంకు ఆస్తి పత్రాలు అడిగింది. నిబంధన చూపిస్తే ‘మళ్లీ రండి’ అంది. ఆరు నెలలు తిరిగి అతడు వడ్డీ వ్యాపారి గడప తొక్కాడు. లోపం అతడి చొరవలో ఉందా, వ్యవస్థలో ఉందా?

అయితే నిందంతా బ్యాంకుల మీదే వేయడం న్యాయం కాదు. ఆదోని పత్తి మార్కెట్టు మన ముంగిట్లోనే ఉంది. తరతరాలుగా దూది ఏకిన కుటుంబాలు మనలో ఉన్నాయి. అయినా ఫోము పరుపులు రాగానే విల్లు అటకెక్కింది, పిల్లలు కూలికి వెళ్లారు. వృత్తిని కాపాడుకున్నాం గానీ కాలానికి తగినట్టు మార్చుకోలేదు. లెక్కల పుస్తకం లేని దుకాణాలు మనలో ఎన్ని!

1945లో అమల్నేరులో మహమ్మద్ హాషిం ప్రేమ్‌జీ పెట్టినది వంటనూనెల సంస్థ. 1966లో తండ్రి మరణించగా పగ్గాలు చేపట్టిన అజీమ్ ప్రేమ్‌జీ ఆ నూనె సంస్థనే కంప్యూటర్ల వైపు నడిపించారు. అదే నేటి విప్రో. వారసత్వంగా మిల్లు దొరికినవారి సంగతి వేరు అంటారా? అయితే పక్కనున్న ఎమ్మిగనూరు చూడండి. 1938లో మాచాని సోమప్ప గారు నేతకారులతో సహకార సంఘం స్థాపించారు. మగ్గం తప్ప మరో ఆస్తి లేనివారు ఒక్కటై, విడివిడిగా చేయలేని వ్యాపారం కలిసి చేశారు.

ఆ దారి మనకూ తెరిచే ఉంది. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద వేర్వేరు కుటుంబాలవారు పదిమంది కలిస్తే సంఘం పెట్టుకోవచ్చు. లాభాలు పంచుకునే ముదారబా మనకు కొత్తదీ కాదు.

కాబట్టి రెండు మాటలు. బ్యాంకులారా, దరఖాస్తు తిరస్కరిస్తే కారణం కాగితం మీద రాసివ్వండి. మసీదు కమిటీ పెద్దలారా, జుమా తర్వాత ఒక్క గంట దరఖాస్తులకు, లెక్కలకు కేటాయించండి. ఆ గంట ఉచితంగా కూర్చోవడానికి నేను సిద్ధం.