నాలుగు కొంటే ఒకటి



ఈ నెల మేము తిండి గురించి వ్రాయుచున్నాము. పెండ్లి విందు గురించి కాదు, పండుగ భోజనము గురించి కాదు. పెద్దారవీడులో బస్సులు ఆగే చోట ఇరువది రూపాయలకు దొరకు మిరపకాయ బజ్జీల గురించి. ఆ బజ్జీలు తినుచు తినుచు, మాకు తెలియకుండనే మేము ఒక బాకీ పెట్టితిమి. ఇటువంటి బాకీ మీ ఊరిలోను ఎవరికైన ఉండవచ్చును గనుక దాచుకొనక చెప్పుచున్నాము.

ఆ బండి మన సంఘపు సహోదరి ఒకామెది. పెనిమిటి పోయి చాలా ఏండ్లైనది. వానలు మొగము చాటేసిన యేడు మన పడమటి పల్లెలు గుంటూరు వైపు మిరపకోతలకు తరలిపోవుట క్రొత్త సంగతి కాదు. ఈ తల్లియు పిల్లలను వెంటబెట్టుకొని ఎన్నో యేండ్లు అట్లు పోయినది. నడుము పట్టేసిన తరువాత కోతలు మానుకొని, ఆ మిరపకాయనే నమ్ముకొని బండి పెట్టుకున్నది.

మధ్యాహ్నము రెండు గంటలకే ఆమె పని మొదలగును. లావుపాటి మిరపకాయలను నిలువున చీల్చి, గింజలు దులిపి, చింతపండు గుజ్జులో ఉప్పు, వాము కలిపి లోపల పూయును. శనగపిండి మరీ జారుగా కాక, మరీ గట్టిగా కాక కలుపును. నాలుగు దాటగానే బాణలి క్రింద మంట వెలుగును. వేగిన బజ్జీని మరల చీల్చి, సన్నగా తరిగిన ఉల్లిపాయలు కూరి, నిమ్మకాయ పిండి, కాగితపు ప్లేటులో పెట్టి చేతికిచ్చును. ప్లేటుకు నాలుగు. మార్కాపురము నుండి వచ్చు కాలేజీ పిల్లలు, ఆటో నడుపువారు, పొలము నుండి ఇంటికి పోవు కూలీలు, అందరికిని అక్కడ ఉన్నది ఒకటే బల్ల.

మేము గృహ కూడికలకు పోవుచు వారములో రెండు సాయంత్రములు సంఘపెద్ద ఒకరితో కలిసి ఆ బల్లమీద కూర్చుండెదము. చెరొక ప్లేటు తినెదము. మొదటిసారి మేము డబ్బు తీయగా ఆమె రెండు చేతులు అడ్డము పెట్టినది.

"అయ్యగారి దగ్గర డబ్బులు తీసుకుంటానా? నాకు పాపం తగలదా?"

రెండు మూడు సార్లు బలవంతము చేసితిమి. ఆమె ఒప్పుకొనలేదు. తరువాత జేబులో చేయి పెట్టుట కూడ మానివేసితిమి. అట్లు ఒక సంవత్సరము గడిచినది.

మొన్న క్రిస్మసు సెలవులకు మన సంఘపు కుర్రవాడు ఒకడు అమెరికా నుండి వచ్చెను. హ్యూస్టన్ నగరములో చదువుకొని అక్కడనే ఉద్యోగము చేయుచున్నాడు. ఒక సాయంత్రము మాతో కూడ వచ్చి బల్లమీద కూర్చుండెను. ఒక బజ్జీ తిని, కారమునకు కండ్లు తుడుచుకొనుచు, "ఇట్టాంటి కొట్టే నన్ను అక్కడ రెండేళ్లు బతికించింది అయ్యగారూ" అనెను.

అమెరికాలో బజ్జీల కొట్టా అని అడిగితిమి. కాదట. వియత్నాం వారి కొట్టట. హ్యూస్టన్‌లో బెల్లయిర్ అను పెద్ద రహదారి పొడుగునను వియత్నాం వారి దుకాణములు ఉన్నవట. అందులో చౌకగా దొరకునది 'బాన్ మీ' అను రొట్టె.

మనకు రొట్టె అనగా, బ్రెడ్డు అనగా, జ్వరపు తిండి. ఆసుపత్రిలో ఉన్నవారిని చూడబోవునప్పుడు పట్టుకొని పోవునది. ఈ రొట్టె అట్టిది కాదట. జానెడు పొడవు, పైన కరకరలాడు పొర, లోపల మెత్తదనము. దానిని ప్రక్కకు చీల్చి, వెనిగరులోను పంచదారలోను ఊరవేసిన క్యారెట్టు, ముల్లంగి ముక్కలు, దోసకాయ, కొత్తిమీర, పచ్చిమిరపకాయ ముక్కలు పెట్టి, వాటితో మాంసమో కోడిగ్రుడ్డో చేర్చి ఇచ్చెదరు. గ్రుడ్డుది అన్నిటికంటె చౌక గనుక ఇతడు దానినే తినెడివాడట.

"మొదటి రోజు కొరికితే పచ్చిమిరపకాయ తగిలింది అయ్యగారూ. దాని వెంటే కొత్తిమీర వాసన. ఆ దేశం పోయినాక మన ఇల్లు గుర్తొచ్చింది అప్పుడే."

ఆ రొట్టె వెనుక పెద్ద కథయే ఉన్నది. వియత్నాం మనవలె వరి అన్నము తిను దేశము. గోధుమ రొట్టెను అక్కడికి తెచ్చినది ఫ్రెంచివారు. వారు 1859లో సైగాన్ పట్టణమును పట్టుకొనిరి. మన తెలుగువారి యానాము కూడ వారి పాలనలోనే ఉండెడిది. 1954లో యానామును వదలిరి. వియత్నాం యుద్ధములో ఓడిపోయి సంధి చేసికొన్నదియు ఆ 1954లోనే. వారున్నంత కాలము రొట్టె దొరల తిండి. గోధుమపిండి ఓడలమీద రావలెను గనుక పేదవానికి అందునది కాదు. 1954లో ఆ దేశము రెండుగా చీలగా, ఉత్తరము నుండి లక్షలమంది కట్టుబట్టలతో సైగాన్ చేరిరి. అట్లు వచ్చిన దంపతులు 1958లో అక్కడ 'హోవా మా' అను చిన్న కొట్టు పెట్టిరి. పనులకు, బడులకు పరుగెత్తువారికి పళ్లెము ముందు కూర్చుండు తీరిక లేదు గనుక, పళ్లెములో పెట్టవలసిన వాటినన్నిటిని రొట్టెలోనే పెట్టి చేతికిచ్చిరి. దొరల తిండి కూలివాని చేతిలోనికి ఆ విధముగా వచ్చినది. 1975 ఏప్రిల్ 30న సైగాన్ పడిపోయిన తరువాత ఇల్లు వాకిలి విడిచి సముద్రము దాటినవారు ఈ రొట్టె చేయు నేర్పును తమతో పట్టుకొని పోయిరి. అమెరికాలో ఎందరికో మొదటి బ్రతుకుతెరువు అదియే ఆయెను. 2011లో ఆ రొట్టె పేరు ఆక్స్‌ఫర్డు ఇంగ్లీషు నిఘంటువులోనికి కూడ ఎక్కినది.

కుర్రవాడు ఇంకొక సంగతి చెప్పెను. "ఆ కొట్లో ఐదు కొంటే ఒకటి ఉచితం అయ్యగారూ. మేము ఒక గదిలో ఆరుగురం తెలుగోళ్లం. ఐదింటికి డబ్బులు పోగుచేసి ఆరుగురం తినేవాళ్లం."

మేమందరము నవ్వితిమి. అతడు బండి వైపు తిరిగి, "నువ్వు ఎన్నింటికి ఒకటి ఉచితమిస్తావు పెద్దమ్మా?" అని అడిగెను.

ఆమె బజ్జీలు తిరగవేయుచునే జవాబు చెప్పినది. "ఆ లెక్కలన్నీ నాకేం తెలుసు నాయనా. అయ్యగారు తింటారు, పెద్దాయన తింటారు. ఊళ్లో ఇంకా ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులుండారు, వాళ్ల దగ్గరా తీసుకోను. మిగతావోళ్లంతా డబ్బులిచ్చే తింటారు."

ఆమె మాటలో ఏ కల్మషమును లేదు. అయితే మా నోటిలోని బజ్జీ గొంతు దిగలేదు. ఆ పెద్దమనుషులు ఎవరో మాకు తెలియును. వారికి ఆమె పెట్టునది భయముచేత. మాకు పెట్టునది ప్రేమచేత. గాని పిండి ఖర్చు, నూనె ఖర్చు వ్రాసినయెడల ఆ రెండును ఒకే వరుసలోనికి వచ్చును. ఆ కొట్టువారు ఇచ్చు ఆరవ రొట్టె వారి లాభములో నుండి లెక్క చూచుకొని ఇచ్చినది. మేము తిన్నది ఎవరి లెక్కలో నుండి?

అంతలో మోటారుసైకిలుమీద ఒకాయన వచ్చి ఆగెను. ఆమె చేయి తుడుచుకొని, కొంగుముడి విప్పి, నూరు రూపాయలు లెక్కపెట్టి ఇచ్చినది. ఆయన చిన్న పుస్తకములో గీత పెట్టి పోయెను. అది రోజువారీ ఫైనాన్సు అని ఆమెయే చెప్పినది. చేతికి 9,000 ఇచ్చెదరు. రోజుకు నూరు చొప్పున నూరు రోజులు కట్టవలెను. వినుటకు వెయ్యి రూపాయలే కదా అనిపించును. అయితే అసలు రోజురోజుకు తగ్గిపోవుచుండగా వడ్డీ మాత్రము మొత్తముమీద ముందే కోసికొన్నారు. జాగ్రత్తగా లెక్కించినయెడల నూటికి నెలకు ఆరు రూపాయలు దాటుచున్నది. మన పల్లెలలో మూడు రూపాయల వడ్డీ అన్ననే గుండె గుభేలుమనును గదా.

ఈ అప్పు ఎప్పటిదని అడిగితిమి. 2022లో మొదలైనదట. ఆ సంవత్సరము ఫిబ్రవరిలో రష్యా యుక్రెయిన్ మీదికి పోయినది. మన దేశమునకు సూర్యకాంతి నూనె ఎక్కువగా వచ్చునది ఆ ప్రాంతము నుండియే. ఏప్రిల్ 28 నుండి మే 23 వరకు ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి నిలిపివేసినది. ఎక్కడో యుద్ధము జరిగిన, ఎక్కడో ఓడ ఆగిన, పెద్దారవీడు బాణలిలో నూనె మండిపోయినది. బజ్జీ ధర పెంచిన జనము రారు, పెంచకున్న గిట్టదు. అందుచేత అప్పు. ఒకటి తీరకముందే ఇంకొకటి.

ఆ రాత్రి మేము కాగితము తీసుకొని కూర్చుంటిమి. రెండు ప్లేట్లు నలువది రూపాయలు. వారమునకు రెండుసార్లు, ఎనుబది. పండుగలు, వాన దినములు తీసివేసినను సంవత్సరమునకు నాలుగు వేలకు తక్కువ లేదు. అనగా ఆ సహోదరి నిప్పు దగ్గర నిలువబడి కట్టిన నలువది దినముల వాయిదాలు. పౌలు గుడారములు కుట్టి బ్రతికెను. సంఘముల నుండి పోషణ పొందు హక్కు తనకున్నదని వాదించిన ఆయనే, ఎవరికిని భారము కాకూడదని రాత్రియు పగలును కష్టపడితినని థెస్సలొనీకయ సంఘమునకు వ్రాసెను. ఆ భాగముమీద మేము ఎన్నిసార్లు ప్రసంగించితిమో! సారెపతు విధవరాలి ఇంట ఏలీయా తిన్నది నిజమే. అయితే ఆయన తిన్న ఇంట పిండి తరుగలేదు. మేము తిన్న చోట తరిగినది.

మరుసటి వారము నలువది రూపాయలు తీసి బండిమీద పెట్టితిమి. సంతోషించుననుకొంటిమి. ఆమె మొగము చిన్నబోయినది.

"నా చేతి కూడు చేదయిందా అయ్యగారూ?"

అప్పుడు తన చిన్ననాటి సంగతి ఒకటి చెప్పినది. కోతలకు పోవుచు దారిలో ఒక ఊరి హోటలు దగ్గర తండ్రితో ఆగినదట. వారికి లోపల చోటు లేదు. చూరుకు గుచ్చిన గ్లాసు తామే తీసుకొనవలెను, పైనుండి పోయగా త్రాగవలెను, తామే కడిగి మరల చూరులో పెట్టవలెను. హోటలులో ఇట్టి వివక్షను, అక్కడి పాత్రలు వాడనియ్యకుండుటను నేరముగా చేయు చట్టము 1955లోనే వచ్చినది. ఆ చట్టము వచ్చి ఎన్నో యేండ్లైనను ఆ గ్లాసు చూరులోనే ఉన్నది.

"డబ్బులు తీసుకొని కూడా ఆయన మమ్మల్ని కూర్చోనియ్యలా. ఇయ్యాల మీరు నా బల్ల మీద కూర్చొని, నా చేత్తో పెట్టింది తింటుండారు. అది నాకు ఎంత గొప్పో మీకు తెలీదు. దానికి ఖరీదు కట్టమంటే ఎట్టా అయ్యగారూ?"

మేమేమి మాటలాడగలము? ఊరకే తినుట తప్పని తెలిసికొంటిమి. ఊరకే డబ్బు విసిరి చేతులు దులుపుకొనుటయు తప్పేనని అప్పుడు తెలిసినది. ఆమె సొమ్ము మనము తినకూడదు, నిజమే. ఆమె గౌరవమును తీసివేయు అధికారమును మనకు లేదు.

దారి ఆమెయే చూపినది. "ఆ అమెరికా అబ్బాయి చెప్పినట్టు చేద్దాం. నాలుక్కి డబ్బులియ్యండి. ఐదోది నాది. దాన్ని వద్దన్నారంటే మాత్రం ఊరుకోను."

ఇప్పుడు మా ప్లేటులో ఐదు బజ్జీలు వచ్చుచున్నవి. నాలుగు మావి, ఒకటి ఆమెది. పాత బాకీ మాత్రము ఇచ్చినను తీసుకొనలేదు. అందుచేత డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు వచ్చినవారికి ఫలహారము ఆమెచేతనే చేయించి, నాలుగు వేలు వారము ముందుగా చేతికిచ్చితిమి. సంఘపు పెట్టెలో నుండి కాదు, మా జేబులో నుండియు, ఆ పెద్ద జేబులో నుండియు. దీనితో బాకీ తీరినదని మేము చెప్పము, ఎందుకనగా దానికి తగిన సరుకు ఆమె ఇచ్చినది. అయితే ఆ వారము ఆమె ఫైనాన్సు మనిషిని పిలువకుండనే మార్కాపురములో రొక్కమిచ్చి నూనె డబ్బా కొన్నది. ముందుగా ఇచ్చిన డబ్బుకు వడ్డీ లేదు. ఈ చిన్న సహాయము ఏ సంఘమైనను చేయగలదు. ఇంట శుభకార్యము ఉన్నప్పుడు, కూడికలు ఉన్నప్పుడు, మీ ఊరి బండివారికే పని చెప్పుడి, డబ్బు ముందు ఇయ్యుడి.

ఇది చదువుచున్న తోటి సేవకులకు ఒక మాట. మనలను అయ్యగారూ అని పిలిచిన పిలుపు నాణెము కాదు. దానితో ఏదియు కొనరాదు. మన చెప్పులు కుట్టువాడు, బట్టలు కుట్టు దర్జీ, ఆటోలో ఎక్కించుకొనిపోవు తమ్ముడు, వీరిలో ఎవరెవరు మనయొద్ద డబ్బు తీసుకొనుట లేదో ఒకసారి కాగితముమీద వ్రాసి చూడుడి. కుటుంబముల వారికిని ఒక మాట. పట్టణములో అద్దాల కొట్టులో అడిగినంత ఇచ్చి వచ్చి, మన ఊరి బండి దగ్గర ఐదు రూపాయలకు బేరమాడకుడి. కూలివాని కూలి ప్రొద్దు క్రుంకకముందే ఇయ్యవలెనని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. బజ్జీలమ్మకును ప్రొద్దు క్రుంకగానే వాయిదా కట్టు వేళ వచ్చును.

వారు ప్రేమతో ఒకటి ఎక్కువ పెట్టినప్పుడు మాత్రము కాదనకుడి. కూర్చుండి, వారి ఎదుటనే తినుడి.

ప్రభువు మీ ఇండ్లను, మీ పొయ్యిలను దీవించును గాక.