కొలవకుండా బిల్లు రాయకండి భాయ్

అనంతగిరి గుట్ట ఎక్కుతుంటే నా ఎలక్ట్రిక్ మౌంటెన్ సైకిల్ గేర్లు టకటకా దూకడం మొదలైంది. షాపులో చూపిస్తే, చూపుతోనే ఫైసలా: "చెయిన్, క్యాసెట్, డిరైలర్ అన్నీ మార్చాలి భాయ్."

మా గల్లీ ఉస్తాద్ మాత్రం ముందు స్కేలు తీశాడు. చెయిన్ మీద 24 లింకులకు 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు పెరిగితే 11, 12 గేర్ల చెయిన్ మార్చేయాలి. లేదంటే అది క్యాసెట్ పళ్లనూ తినేస్తుంది. నాది అంతే సాగింది. చెయిన్ మార్చి, వంగిన హ్యాంగర్ సరిచేసి, కేబుల్ బిగువు సర్దాడు. క్యాసెట్, డిరైలర్ రెండూ సలామత్!

పెడల్ దగ్గర మోటారున్న బండిలో కాలి బలం, మోటారు బలం రెండూ మోసేది ఆ ఒక్క చెయినే. అందుకే గేర్ల సంఖ్యకు సరిపడే, ఈ-బైక్‌ల కోసం చేసిన మజ్బూత్ చెయిన్ తీసుకోండి. బరువు తగ్గించడానికి పిన్నులు బోలుగా చేసిన ఖరీదైన చెయిన్ మనకు ఫిజూల్ ఖర్చు. గేరు మార్చేటప్పుడు కాలి జోరు కాస్త తగ్గించండి. జుల్మ్ చేస్తే ఏ చెయినైనా తెగుతుంది.

తూకంలో ఇన్సాఫ్ చేయమంటుంది మన దీన్. కొలవకుండానే బిల్లు రాయడం కూడా తూకంలో ఖియానతే.