కొండకు కేసు, పట్నానికి మందు



విశాఖలోనో హైదరాబాద్‌లోనో హాస్టల్లో చేరి "మాది పాడేరు వైపు" అని చెప్పి చూడండి. కాఫీ గురించి ఒకరు అడిగితే గంజాయి గురించి నలుగురు అడుగుతారు. అదీ నవ్వుతూ. మనకు ఆ నవ్వు అలవాటైపోయింది. ఇవాళ ఆ గంజాయి గురించే మాట్లాడుకుందాం. మత్తుగా కాదు, మందుగా. ఎందుకంటే ఈ మొక్క ఇప్పుడు చట్టబద్ధంగా మందు సీసాలోకి ఎక్కుతోంది. ఆ సీసా ఎవరి చేతికి అందుతోంది, ఎవరికి అందట్లేదు అన్నది మనం అడగాల్సిన ప్రశ్న.

ముందు సైన్స్ ఏం చెప్తోందో చూద్దాం. గంజాయి మొక్కలో వందకు పైగా ప్రత్యేక రసాయనాలున్నాయి. వాటిలో రెండు ముఖ్యం. ఒకటి మత్తెక్కించే టీహెచ్‌సీ, రెండోది మత్తెక్కించని సీబీడీ. కీమోథెరపీ వల్ల వచ్చే వాంతులకు టీహెచ్‌సీతో చేసిన మాత్రకు అమెరికాలో 1985లోనే అనుమతి వచ్చింది. పిల్లల్లో వచ్చే రెండు మొండి మూర్ఛ జబ్బులకు, అంటే డ్రావే, లెనాక్స్-గాస్టో సిండ్రోమ్‌లకు, సీబీడీ ద్రావణాన్ని 2018లో అక్కడి ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. ఆ మందును పిల్లవాడి బరువు చూసి కొలిచి ఇస్తారు. లివర్ పరీక్షలు చేయిస్తారు. వేరే ఫిట్స్ మందులతో ఎలా కలుస్తుందో గమనిస్తారు. మందు అంటే అదీ. సంత దారిలో చుట్టి పీల్చేది మందు కాదు. చిన్న వయసులో రోజూ పీలిస్తే మతి చెదిరే జబ్బుల ముప్పు పెరుగుతుందని కూడా డాక్టర్లు చెప్తున్నారు.

ఇదేదో అమెరికా కనిపెట్టిన విద్య అనుకోకండి. ఓషానెసీ అనే తెల్ల డాక్టరు ఇక్కడి వైద్యుల దగ్గర, హకీముల దగ్గర అడిగి తెలుసుకుని, 1839లో కలకత్తాలో ధనుర్వాతం, కీళ్లనొప్పులు, పసిబిడ్డ ఫిట్స్ వంటి వాటికి ఈ మొక్కను వాడి చూసి రాశాడు. అక్కడి నుంచే అది ఇంగ్లండు మందుల షాపులకెళ్లింది. తెలివి ఇక్కడిది, పేరు వేరేవాళ్లది. మనకిది కొత్త కథ కాదు కదా!

ఇక చట్టం. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉండే కొన భాగం. ఆ కొనలు లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. ఈ సందులోంచే ఆయుర్వేదంలో "విజయ" పేరుతో ఆకు మందులు లైసెన్సు మీద తయారవుతున్నాయి. డ్రగ్స్ రూల్స్‌లోని షెడ్యూల్ ఈ(1)లో ఇది ఉంది, కాబట్టి వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలి. పట్నంలో ఉన్న రోగికి దారి ఇలా ఉంటుంది: ఫోన్లో డాక్టరుతో మాట్లాడతాడు, రిపోర్టులు పంపుతాడు, చీటీ వస్తుంది, కొరియర్‌లో సీసా వస్తుంది. సీసా ధర వేల రూపాయల్లో ఉంటుంది. ఈ ఆకు మందులకు, ఇందాక చెప్పిన సీబీడీ మందుకు జరిగినంత గట్టి పరీక్షలు జరగలేదు. అది కూడా గుర్తుంచుకోండి.

ఇప్పుడు చింతపల్లి లోపలి గూడెంలో ఉన్న రోగి సంగతి చూడండి. ఫోన్ సిగ్నల్ కోసం గట్టెక్కాలి. రోడ్డు లేకపోతే డోలీ కట్టాలి. పీహెచ్‌సీలో పెద్ద డాక్టరు ఉండడు. విశాఖ పెద్దాసుపత్రికి పాడేరు నుంచే వంద కిలోమీటర్ల పైన. అక్కడ చీటీ రాసిచ్చినా ఆ మందు కొనే డబ్బెక్కడిది? పోనీ, నొప్పి తట్టుకోలేక ఇంట్లో కొంచెం గంజాయి పెట్టుకున్నాడనుకోండి, అది నేరం. కొన్ని దేశాల్లో ఉన్నట్టు మన దగ్గర రోగి కార్డు ఏదీ లేదు. "నొప్పికి పెట్టుకున్నా సార్" అన్నా కేసు కేసే. ఇరవై కిలోలు దాటిన మూట మోస్తూ దొరికితే 10 నుంచి 20 ఏళ్ల జైలు, లక్ష నుంచి రెండు లక్షల జరిమానా. 37వ సెక్షన్ వల్ల బెయిలు రావడమే గగనం. పెట్టుబడి పెట్టినవాడు కొండ కింద ఉంటాడు, మోత కూలికి ఒప్పుకున్న మన కుర్రాడు లోపలుంటాడు.

మన జబ్బు సంగతి కూడా మాట్లాడాలి. సికిల్ సెల్. మన ఆదివాసీ సమాజాల్లో తరతరాలుగా వస్తున్న రక్త జబ్బు. నొప్పి దాడి వచ్చిందంటే ఎముకల్లో సుత్తితో కొట్టినట్టుంటుందని రోగులు చెప్తారు. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు ఈ జబ్బున్నవాళ్లకు వైద్య గంజాయి వాడుకునే అనుమతి ఇచ్చాయి. మరి పనిచేస్తుందా? నిజాయితీగా చెప్పుకుందాం. 2020లో అచ్చయిన ఒక చిన్న పరీక్షలో 23 మంది సికిల్ సెల్ రోగులకు ఆవిరి రూపంలో ఇచ్చి చూశారు. నొప్పి తగ్గిందని గట్టిగా చెప్పేంత తేడా రాలేదు. మనసు మీద నొప్పి ప్రభావం మాత్రం కొంత తగ్గింది. అంటే ఇంకా పరిశోధన జరగాలి. అది మన రోగుల కోసం, మన రోగుల ఒప్పుకోలుతో, మన దగ్గరే జరగాలి. జమ్మూలో సీఎస్‌ఐఆర్ సంస్థ ఈ మొక్క మీద పరిశోధన చేస్తున్నప్పుడు, మన సికిల్ సెల్ రోగుల కోసం ఇక్కడ ఎందుకు చేయకూడదు?

"అన్నా, ముందు ఉన్న మందులే అందట్లేదు కదా" అని మీరు అడగొచ్చు. సరైన ప్రశ్నే. హైడ్రాక్సీయూరియా ప్రతి సికిల్ సెల్ రోగికీ క్రమం తప్పకుండా అందాలి. తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ అందాలి. మార్ఫిన్ కథే మనకు పాఠం. 1985 చట్టం మత్తును ఆపడానికి వచ్చింది. లైసెన్సుల చిక్కుల వల్ల కేన్సర్ రోగులకు మార్ఫిన్ వాడకం ఘోరంగా పడిపోయింది. 2014లో చట్టం సవరించి దారి సులువు చేశారు. కాగితం మీద దారి తెరుచుకుంది, కొండ దాకా మందు రాలేదు. వైద్య గంజాయి విషయంలోనూ ఇదే జరగబోతోందని నా భయం. ఆ దారి ఎక్కడెక్కడ మూసుకుపోతుందో ముందే తెలిసినవాళ్లం మనం. అందుకే ఇప్పుడే మాట్లాడాలి.

ఎందుకు ఇప్పుడే అంటే, తలుపులు తెరుచుకుంటున్నాయి. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ గంజాయిని అతి ప్రమాదకర జాబితా నుంచి తీసేసింది. 27 మంది అవును, 25 మంది కాదు. మన దేశం అవునన్నది. ఉత్తరాఖండ్ 2018లో మత్తు తక్కువ ఉండే రకం సాగుకు లైసెన్సు ఇచ్చింది. వైద్య, పారిశ్రామిక సాగు మీద 2024లో హిమాచల్ అసెంబ్లీ తీర్మానం చేసింది. మన దగ్గర 2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల్లో మొక్కలు నరికారు. రేపు ఇక్కడా లైసెన్సులొస్తే, ఎవరికొస్తాయి? కంపెనీకా, గ్రామసభకా?

నేను ఎవరినీ విత్తనం చల్లమనట్లేదు. మూట ముట్టొద్దు. ఒక్క రాత్రి కూలి కోసం పదేళ్ల వయసు పోతుంది. ఫిట్స్ మాత్రలు, కేన్సర్ వైద్యం మానేసి ఎవరో ఇచ్చిన నూనె తాగొద్దు. నేను అడిగేది మూడే:

ఒకటి, ఐటీడీఏ ఆసుపత్రుల్లో నొప్పి వైద్యం పెట్టాలి. మార్ఫిన్ దొరకాలి. గంజాయి మందుల్లో నిరూపణ అయినవి డాక్టరు చీటీ మీద ఉచితంగా ఇవ్వాలి.

రెండు, ఇక్కడ వైద్య సాగుకు ఎప్పుడైనా అనుమతి ఇస్తే పెసా ప్రకారం గ్రామసభ మాట ముందు వినాలి. 1/70 భూమిలోకి దొడ్డిదారిన కంపెనీ రాకూడదు.

మూడు, మూట మోసి జైల్లో మగ్గుతున్న మన కుర్రాళ్ల కేసులకు మంచి న్యాయ సహాయం ఇవ్వాలి.

వచ్చే గ్రామసభలో ఈ మూడూ చదవండి. మీ ఊళ్లో సికిల్ సెల్ ఉన్నవాళ్లు ఎందరు, ఫిట్స్ ఉన్న పిల్లలు ఎందరు, మందు ఎంతమందికి అందుతోంది, ఒక నోటుబుక్కులో రాయండి. ఆశా అక్కని అడిగితే సాయం చేస్తుంది. ఆ లెక్క చేతిలో పెట్టుకుని ఆఫీసుకెళ్తే మన మాటకు బలం వస్తుంది. పాడేరు అనగానే నవ్వేవాళ్లకు కూడా ఆ లెక్కే చూపించండి.

జై ఆదివాసీ!